షరతులో ‘వద్దు’

టాంపెరె నగరంలోని ఆ ఆఫీసులో ఓస్మో, తుయిరె ఎదురెదురుగా కూర్చుంటారు. కోడ్ ముక్కలన్నిటినీ జోడించి నడిచే ప్రోగ్రాముగా తయారుచేసే బిల్డ్ టూల్‌ను ఓస్మో వయసులో ఉన్నప్పుడు రాశాడు. ఇప్పుడు దాన్ని ఇద్దరూ చూసుకుంటున్నారు. చూసుకోవడమంటే చాలావరకు పోట్లాడుకోవడమే.

ఆ సోమవారం తుయిరె కోటు కూడా విప్పకుండానే మొదలుపెట్టింది.

"మన టూల్ వాడే ఓడల కంపెనీ ప్రోగ్రాములో భద్రతా పరీక్షలు నడవలేదు. ఎందుకో తెలుసా?"

"వాళ్లకి రాయడం రాక," అన్నాడు ఓస్మో తల ఎత్తకుండా.

"పరీక్షలు ఆపాలా అన్నచోట 'వద్దు' అని రాశారు. అదే మాట టూల్‌కిచ్చే ఫైలు మొదట్లో రాస్తే నీ టూల్ 'కాదు' అనుకుంటుంది. 'ఇలా అయితే ఇది చెయ్యి' అనే షరతు లోపల రాస్తే, ఏదో ఒక మాట ఉంది కదా అని 'ఔను' అనుకుంటుంది. పరీక్షలు ఆపేసింది."

"మాన్యువల్‌లో రాశాను."

"ఎవరు చదువుతారు? నీకైనా గుర్తుందా?"

షరతులో ఔను, కాదు అనే రెండే విలువలుండాలని ఆమె పట్టు. ఇంకేం కనిపించినా టూల్ ఊహించకూడదు. ఆగిపోయి, తప్పు ఏ వరుసలో ఉందో చెప్పాలి. ఫైలులో ఎక్కడైనా ఇదే పద్ధతి ఉండాలి.

"జనం ఫైళ్లన్నీ విరుగుతాయి," అన్నాడు ఓస్మో.

"ఇప్పుడూ విరుగుతున్నాయి. చప్పుడు లేదంతే."

"నిన్నగాక మొన్న వచ్చి, ఔనంటే ఏమిటో నాకు నేర్పుతున్నావు."

"నేర్చుకునే మనిషివైతే ఈ పాటికి నేర్చుకునేవాడివి."

ఓస్మో మొహం కందిపోయింది. "సరే, పెట్టుకో. తిట్లన్నీ నీ పేరు మీదే."

పెట్టింది. టూల్ వాడేవాళ్ల చర్చా పేజీలో తిట్లు నిజంగానే వచ్చాయి. ఒకడు బుర్రలేనిదన్నాడు, ఇంకొకడు వెళ్లి స్వెట్టర్లు అల్లుకోమన్నాడు. ఆమె పళ్లు బిగబట్టి ఒక్కొక్కరికీ వాళ్ల తప్పు వరుస చూపించి జవాబిచ్చింది. ఆ తిట్ల మధ్య ఓస్మో పేరు కనిపించింది: ఈ మార్పు నాకు ఇష్టం లేదు, అడిగినవాళ్లకి చెబుతున్నా.

ఆమె స్క్రీను అతని వైపు తిప్పింది. "ఎదురుగానే ఉన్నాగా. మొహం మీదే అనొచ్చుగా."

"అన్నాను. నువ్వు వినలేదు."

నెల తిరక్కుండానే ఓడల కంపెనీ ఇంజినీరు రాశాడు. కొత్త టూల్ వాళ్ల ఫైళ్లలో ఇంకోచోట కూడా ఆగిందట. చుక్కానికి సంబంధించిన పరీక్ష అక్కడా ఇన్నాళ్లూ చడీచప్పుడు లేకుండా ఆగి ఉందట. తుయిరె దాన్ని పైకి చదివింది. ఓస్మో చివరిదాకా విని, హెడ్‌ఫోన్లు తగిలించుకున్నాడు.

పాత పద్ధతి తిరిగి తెమ్మని అతను ఎప్పుడూ అడగలేదు. ఇదివరకటిలా ఆమెతో కలిసి భోజనానికీ వెళ్లలేదు.