అదనపు అయిదు నిమిషాలు

ఆ ఆదివారం మధ్యాహ్నం ఇంట్లో నడుస్తున్న గొడవ నా గురించే. ఈశ్వరమ్మ నన్ను మజ్జిగ సీసా పక్కన సంచిలో పెట్టడం, సుంకన్న బయటికి తీసి బీరువా మీద పెట్టడం అప్పటికి మూడుసార్లు అయింది. నేను ఒక బీపీ మిషన్‌ను. తెల్లని చిన్న పెట్టె, ఒక రబ్బరు గొట్టం, జబ్బకు చుట్టే నల్ల పట్టీ. నా ఒళ్లంతా ఇంతే. దీనికోసం మొగుడూ పెళ్లాలు అంతసేపు పోట్లాడుకుంటుంటే నాకే సిగ్గేసింది.

"మిషన్ రాకుంటే నువ్వూ రావొద్దు" అంది ఈశ్వరమ్మ.

"రైల్వే వాళ్లంతా ఉంటారు ఆడ. జబ్బకు పట్టీ చుట్టుకుని కూర్చుంటే ఏమనుకుంటారు?"

"తుండు కప్పుకో."

మూల కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తున్న నరసమ్మవ్వ, సుంకన్న తల్లి, తల ఎత్తకుండానే అంది: "మీరిద్దరూ ఇంట్లో కొట్లాడుకుంటా ఉండండి. నేనూ మిషనూ పోయొస్తాం."

సుంకన్న గుంతకల్లులో ప్యాసింజరు బండి నడిపే డ్రైవరు. ఇరవై ఆరేళ్లుగా ఇంజన్ ఎక్కుతున్నాడు. అతని తండ్రి కూడా బొగ్గు కాలంలో ఇంజన్ మీదే బతికినవాడు. మర్నాడు, సోమవారం, అతనికి రైల్వే ఆస్పత్రిలో డ్రైవర్లకు చేసే పరీక్ష ఉంది. రక్తపోటు ఎక్కువని తేలితే ఇంజన్ దించి ఏ ఆఫీసులోనో కూర్చోబెడతారు. ఈశ్వరమ్మ నెల రోజులుగా కూరల్లో ఉప్పు తగ్గించి, ఊరగాయ జాడీ అటక ఎక్కించి, ఆ సోమవారం కోసమే కాచుకుని ఉంది. సరిగ్గా దానికి ముందురోజే కూతురు భార్గవి బాస్కెట్‌బాల్ ఫైనలు వచ్చి పడింది.

నేను పుట్టిన ఫ్యాక్టరీలో నన్ను పరీక్షించడానికి ఒక బొమ్మ చేతికి చుట్టేవాళ్లు. ఆ చేతికి కూతురు లేదు, రేపు లేదు. ఎప్పుడు చూసినా నూట ఇరవై, ఎనభై. మనుషులంతా అలాగే ఉంటారనుకున్నాను. మందుల షాపు నుంచి నన్ను మొదట ఇంటికి తీసుకెళ్లింది ఒక రిటైరైన స్టేషన్ మాస్టరు గారు. వచ్చిన చుట్టాలకు కాఫీ కన్నా ముందు నా పట్టీ చుట్టేవారు. తనకు అంకె తక్కువొస్తే అది ఆయన క్రమశిక్షణ, ఎక్కువొస్తే నా లోపం. ఆయన బళ్లారికి మారిపోతూ నన్ను పక్కింటి ఈశ్వరమ్మ చేతిలో పెట్టి వెళ్లారు.

మనుషులు నాతో కూడా బేరమాడతారని ఈ ఇంట్లోనే తెలిసింది. జబ్బను గుండె కన్నా ఎత్తున, కుర్చీ వీపు మీద పెడితే నేను తక్కువ చూపిస్తాను. సుంకన్నకు ఆ కిటుకు ఎవరు చెప్పారో తెలియదు. మూడుసార్లు చూసుకుని, వాటిలో చిన్నదాన్ని పైకి చదివేవాడు. ఈశ్వరమ్మ "అమ్మయ్య" అనేది. నిజంగా నమ్మేదో, నమ్మితే బాగుండుననుకునేదో నేను చెప్పలేను.

చివరికి ఈశ్వరమ్మ మాటే నెగ్గింది. రైల్వే ఇన్‌స్టిట్యూట్ మైదానంలో సిమెంటు మెట్ల మీద, ఆమె ఒడిలోని సంచిలో నేనున్నాను. అరవననీ, లేచి నిలబడననీ సుంకన్న ఇంట్లో మాట ఇచ్చి వచ్చాడు. అరవడం మానేసిన మనిషికి ఆ అరుపంతా ఎటు పోవాలి? తుండు కొస నోట్లో పెట్టుకుని నమిలాడు. మోకాళ్లు ఊపాడు. భార్గవి పడిపోయినప్పుడల్లా పక్కనున్న ఈశ్వరమ్మ చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. కర్నూలు నుంచి వచ్చిన అమ్మాయిలు మన పిల్లలకన్నా జానెడు పొడుగున్నారని ఆమెకు మూడుసార్లు చెప్పాడు, పొడుగు తగ్గించడం ఆమె చేతిలో ఉన్నట్టు.

సగం ఆటకు విరామం ఇచ్చినప్పుడు గోడ చాటుకు వెళ్లి అతని జబ్బకు నన్ను చుట్టారు. నూట అరవై ఎనిమిది. ఈశ్వరమ్మ ఆ అంకెను పరువు తక్కువ విషయంలా చెవిలో చెప్పింది. మిషన్ ఎండకు కాగిందన్నాడు అతను. ఇంటికి పోదామంటే వినలేదు.

ఆట ముగిసేసరికి రెండు జట్లూ నలభై ఎనిమిది దగ్గరే ఆగాయి. తేలేదాకా ఇంకో అయిదు నిమిషాలు ఆడిస్తారని తెలిసి ఈశ్వరమ్మకు ఏడుపొచ్చినంత పనైంది. చెరొక కప్పు ఇచ్చి పంపించొచ్చు గదా అని గొణిగింది. తుండు కింద చెయ్యి దూర్చి అతని జబ్బకు నన్ను చుట్టింది. ఈసారి అతను కాదనలేదు. అది నాకు మంచిగా అనిపించలేదు.

ఆ అయిదు నిమిషాలూ నేను ఆట చూడలేదు. తుండు కింద చీకటి. కానీ ఈల మోగిన ప్రతిసారీ అతని నరం ఎగిరేది. బంతి నేలకు కొట్టుకునే చప్పుడుకన్నా అతని గుండె వేగంగా కొట్టుకునేది. "పాస్ ఇయ్యి తల్లీ, పాస్ ఇయ్యి" అని తనలో తాను అనుకుంటున్నాడు. ఇంకా నాలుగే సెకన్లున్నాయనీ, ఒక్క పాయింటు వెనకబడ్డామనీ వెనక మెట్టు మీద ఎవరో అన్నారు. ఈశ్వరమ్మ బటన్ నొక్కింది. నేను గాలి నింపుకుని బిగుసుకున్నాను.

అప్పుడే మైదానం మైదానమంతా అరిచింది. మనవాళ్లు యాభై అయిదు, వాళ్లు యాభై నాలుగు. అందరూ లేచారు. మాట తీసుకున్న ఈశ్వరమ్మ కూడా లేచి చప్పట్లు కొట్టింది. సుంకన్న చెయ్యి మాత్రం లేవలేదు. చెమటతో చల్లబడి, మెట్టు అంచు కోసం తడుముకుంది. నా తెర మీద రెండు వందల ఆరు, నూట పద్దెనిమిది. చూసేవాళ్లు లేరు. ఆ తర్వాత, అందరికన్నా ఆలస్యంగా, అతనూ చప్పట్లు కొట్టాడు.

భార్గవి పరుగున వచ్చింది. "నాయనా, చూసినావా?"

"చూసినా తల్లీ" అన్నాడు.

ఇంటికొచ్చాక ఈశ్వరమ్మ బొరుగులు నానబెట్టి ఉగ్గాణి చేసింది. ఆటకు రాని అవ్వకు భార్గవి అంతా ఆడి చూపిస్తోంది. నన్ను సంచిలోంచి తీసి పళ్లెం పక్కన పెట్టారు.

"కుడిచేత్తో ఏసేదాన్ని, గాల్లోనే ఎడమ చేతికి మార్చినానవ్వా. ఆ పొడుగుపిల్ల ఎట్లా ఎగిరిందో నువ్వు చెప్పు నాయనా."

అతను పళ్లెంలోకే చూస్తున్నాడు. చెప్పవయ్యా అంది ఈశ్వరమ్మ.

"నేను చూడలే" అన్నాడు. "నువ్వు ఎగిరేంతవరకు కనపడింది. అప్పుడే కండ్లు చీకట్లు కమ్మినాయి. గెలిచినామని నలుగురూ అరిస్తే తెలిసింది నాకు. కొంచేపటిదాకా మీ అమ్మ మొగం గూడా కనపడలే."

గాల్లో ఉన్న భార్గవి చేతులు మెల్లగా కిందికి దిగాయి. ఈశ్వరమ్మే ముందుగా తేరుకుంది. పొద్దున్నుంచీ సరిగా తినలేదు కాబట్టి అట్లా అయ్యుంటుందనీ, రాత్రి పడుకుంటే సర్దుకుంటుందనీ, రేపు ఆస్పత్రిలో ఈ సంగతి ఎత్తాల్సిన పని లేదనీ గబగబా చెప్పింది. చెబుతూనే అతని పళ్లెంలో ఇంకో గరిటె వడ్డించింది.

ఏడాదిగా నేను ఎన్ని అంకెలు చూపించినా నమ్మని మనిషి ఇప్పుడు నా వైపు చూడనైనా లేదు.

"ఈశ్వరీ, కొంచేపంటే బండి ఎంత దూరం పోతాదో నాకు తెలుసు" అన్నాడు. ఆ తర్వాత తల్లి వైపు, కూతురి వైపు చూసి, మంచినీళ్లు అడిగినంత మెల్లగా చెప్పాడు. "ముగ్గురికీ ఒక్కసారే చెప్తాండా. రేపు డాక్టరమ్మ అడగకముందే ఇదంతా నేనే చెప్తా. ఇంజన్ ఇంగ ఎక్కను."