ఇటుకల కింద పేపరు

రేపు శుక్రవారం ఐదింటిలోపు ఒక పాత పేపరు చూపించకపోతే తన కుటుంబం పేరు జాబితాలో ఎక్కదని లొరెట్టా గారు మా వరండాలో నిలబడి చెప్పారు. ఆవిడ డెబ్బై తొమ్మిదేళ్ళ నల్లజాతి పెద్దావిడ. రెండు నెలల క్రితం ఈ అమెరికా ఊళ్ళో మేం కొన్న ఇల్లు ఒకప్పుడు వాళ్ళదేనట.

"నల్లవాళ్ళకి అమ్మకూడదని ఈ వీధి ఇళ్ళ పత్రాల్లోనే రాసుకునేవాళ్ళు. మా నాన్న ఎలాగో కొన్నాడు. పదకొండో రోజున మూక వచ్చి అద్దాలన్నీ పగలగొట్టింది. నెల తిరక్కుండా వెళ్ళిపోయాం. ఊళ్ళో పెద్ద పేపరేమో మేం ఇష్టపడే అమ్ముకున్నామని రాసింది."

అలా వెళ్ళగొట్టినవాళ్ళకి అన్యాయం జరిగిందని ఊరు ఇప్పుడు ఒప్పుకుని, వాళ్ళ పేర్లతో జాబితా రాస్తోంది. కానీ రుజువు కావాలి. జరిగింది జరిగినట్టు, ఫొటోతో సహా వేసింది నల్లవాళ్ళ చిన్న వారపత్రిక ఒక్కటే. అది ఎప్పుడో మూతపడింది. లైబ్రరీలో కూడా కాపీ లేదు.

"మళ్ళీ వస్తాం కదా అని మా అమ్మ ఒక కాపీ అటక మీద చెక్క కింద దాచింది" అన్నారావిడ.

అటక దులిపింది నేనే. గృహప్రవేశం నాడు చెక్క ఫ్లోర్ పాడవకుండా అక్కడ దొరికిన పాత పేపరు కాగితాలు పరిచి, ఇసుక పోసి, వాటి మీదే హోమానికి ఇటుకలు పేర్చాను. కిరాణా కొట్టు నడిపే ఇంగ్లీషే గానీ పేపరు చదివే ఇంగ్లీషు కాదు నాది.

మా ఆవిడ గౌరి గుమ్మంలోంచి తెలుగులో అంది. "చదవడం రాదు గానీ పరచడం మాత్రం బాగా వచ్చు మీకు."

పేపరు కనపడలేదని చెప్పేస్తే అక్కడితో పోయేది. నోరు రాలేదు. జరిగింది చెప్పాను.

"రీసైక్లింగ్‌లో వేశారా?" లొరెట్టా గారి గొంతులో ఇంకా ఆశ ఉంది.

"లేదమ్మా. పూజకి వాడినవి చెత్తలో వెయ్యకూడదు. బూడిదతో పాటు బ్రిడ్జి దగ్గర ఏట్లో కలిపాను."

"చాలా గౌరవంగా పోగొట్టారు, మిస్టర్ పాణీ" అన్నారావిడ.

ఇల్లు చల్లగా ఉండాలని చేసిన హోమం అది. ఒకరి గోడు కింద పరిచి వెలిగించిన అగ్నిని దేవుడు ఎలా పుచ్చుకున్నాడో నాకు తెలియడం లేదు.

మర్నాడు కొట్టు మూసి, ఆవిడని కార్‌లో ఆ జాబితా రాసే ఆఫీసుకి తీసుకెళ్ళాను. ఆ పేపరు చూశానని ప్రమాణం చేసి రాసిస్తానన్నాను. కౌంటర్‌లో అమ్మాయి మర్యాదగానే అడిగింది.

"పత్రిక పేరేంటి?"

"చూడలేదు."

"తారీఖు? హెడ్డింగ్?"

"చదవలేదమ్మా. ఫొటో ఉంది. మా వరండానే అది, ఆ నాలుగు స్తంభాలూ ఉన్నాయి. కిటికీలకి అద్దాల్లేవు. మెట్ల మీద ఒకావిడ, చంకలో పిల్ల."

"ఆ పిల్లని నేనే" అన్నారు లొరెట్టా గారు.

ఆ అమ్మాయి అంతా టైప్ చేసుకుంది. నా చేత సంతకం పెట్టించుకుంది. ఫైల్‌లో పెడతాను గానీ మాట రుజువు కిందకి రాదని, పెద్ద పేపరు రాసిందే రికార్డులో ఉంటుందని చెప్పింది. లొరెట్టా గారు బ్యాగ్ తీసుకోవడం మర్చిపోతే నేను తెచ్చాను.

కార్‌లో కూర్చున్నాక సీట్‌బెల్ట్ పెట్టుకోకుండా నా వైపు తిరిగారు.

"మా అమ్మ ఫొటో ఒక్కటి కూడా మాకు మిగల్లేదు. అందులో ఆవిడ ముఖం కనిపించిందా?"

శుభం జరుగుతుంటే పగిలిన ఇంటి బొమ్మ ఎదురుగా ఎందుకని, హోమం నాడు దాని మీదే మొదటి ఇటుక పెట్టాను.

"నేను సరిగ్గా చూడలేదమ్మా" అన్నాను.

"కొంచెం గుర్తు తెచ్చుకోండి" అన్నారావిడ. "నవ్వుతోందా, ఏడుస్తోందా, అదైనా చెప్పండి."

బండి స్టార్ట్ చేయలేకపోయాను.