రంగులమ్మ సంతకం

లాయరమ్మ కళ్లజోడు తీసి, కొంగుతో తుడిచి, మళ్లీ పెట్టుకుని చూసింది. ఎన్నిసార్లు తుడిస్తే మాత్రం కాగితం మీదున్నది మారుతుందా?

"పెద్దమ్మగారూ, ఇది మీరు ఇప్పుడే నా ముందు పెట్టిన సంతకం. ఇది బ్యాంకు కాగితాల్లో ఉన్న మీ సంతకం. రెండూ ఒకే మనిషి పెట్టినవేనా?"

మొదటిదేమో వానకు తడిసిన కోడిపిల్లల్లా ఒకదాని మీదొకటి పడిపోతున్న అక్షరాలు. రెండోదేమో నగల కొట్టు బోర్డు మీదకెక్కించినా తక్కువకాని సింగారం, చివర ఒక మెలికతో సహా.

రంగులమ్మ రెండు కాగితాలూ తన దగ్గరికి లాక్కుంది. "రెండూ నావేనమ్మా. అంటే, అదీ నాదే గానీ, పెట్టింది ఈయన."

ఆ ఈయన పక్క కుర్చీలో కూర్చుని, తలుపు మీది లాయరమ్మ పేరు వంక చూస్తూ, "అక్షరాల మధ్య ఎడం చాల్లేదు. ఎవడు రాశాడో గానీ" అని మూడోసారి అన్నాడు.

ఆయన నలభై రెండేళ్లు కొట్లకూ లారీలకూ బోర్డులు రాసిన మనిషి. అందరికీ రంగులాయన. ఆయన్ని కట్టుకున్నందుకు ఈవిడ రంగులమ్మ అయిందే గానీ, జన్మలో కుంచె పట్టి ఎరగదు. బళ్లో మూడో తరగతి దాటలేదు. కాపురానికొచ్చిన కొత్తలో ఇద్దరి పేరా ఖాతా తెరవడానికి వెళ్తే, పేరు రాయడానికి ఈవిడ పడుతున్న అవస్థ ఆయన కళ్లలో కారం కొట్టినట్టయింది. "ఇలా ఇయ్యవే" అని పెన్ను లాక్కుని తనే గీసేశాడు. అక్కడి గుమాస్తా తలెత్తి, "అమ్మాయి దస్తూరీ ముత్యాల్లా ఉందే" అన్నాడు. ఇంకేముంది! ఆనాటి నుంచి ఏ కాగితమొచ్చినా ఈవిడ ఇంటికి పట్టుకుపోవడం, ఆయన పెట్టడం. నా సంతకం చూడండని పదిమందికి చూపించి మురిసిపోయింది కూడాను.

ఆ మురిపెం ఇప్పుడు మెడకు చుట్టుకుంది.

ఆర్నెల్ల కిందట డాక్టరు కూర్చోబెట్టి చెప్పాడు. "ఈయన మతి కొద్దికొద్దిగా జారిపోతోందమ్మా. ఇవాళ ఏది ఏమిటో తెలుస్తోంది. ఏడాది పోతే నేను చెప్పలేను. రాయించుకోవాల్సినవి ఇప్పుడే రాయించుకోండి." అందుకే ఈ అధికార పత్రం. రేపు ఆయనకు తెలివి లేకపోయినా చెల్లుతుందట. ఆయన డబ్బు తియ్యాలన్నా, వీధి గది అద్దెకివ్వాలన్నా, ఆయన్ని ఏ ఇంట్లో ఉంచి ఎవరి చేత చూపించాలన్నా మాట రంగులమ్మదే. కాకపోతే ఆయన తెలిసే చేస్తున్నాడని డాక్టరు ఈమధ్య ఇచ్చిన చీటీ నెల్లాళ్లే పనికొస్తుంది. అందులో ఇరవై నాలుగు రోజులు తిరగడానికే సరిపోయాయి.

"బ్యాంకులో మీ సంతకం మార్పించుకురండి. లేకపోతే ఈ పత్రం పట్టుకెళ్లినా వాళ్లు పైసా ఇవ్వరు" అంది లాయరమ్మ. "ఇక ఆయన పెట్టారన్న మాట, నేను సగమే విన్నాను."

బయట మెట్ల మీద మరిది కాచుకుని ఉన్నాడు. లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యాడు, ప్రతిదానికీ అతని దగ్గర జవాబుంటుంది.

"వదినా, ఎందుకీ యాతన? ఆ పత్రంలో నా పేరు రాయించెయ్యి. నా సంతకం ఎక్కడ చూసినా ఒక్కలాగే ఉంటుంది. అన్నయ్యకు నేను చూసిన ఆ వృద్ధాశ్రమం బంగారంలా ఉంది. తోటుంది, టీవీ ఉంది."

"అంత బాగుంటే నువ్వెళ్లి కూర్చో నాయనా ఆ తోటలో."

"వేళాకోళం కాదు వదినా. రేపు అన్నయ్యను నువ్వు లేవనెత్తగలవా?"

"పగలు నర్సు వస్తుంది, మాట్లాడాను. మా ఇంటి మెట్లు ఎన్నో ఆయన కాళ్లకు తెలుసు. కొత్తచోట పడేస్తే మంచమెక్కడుందో కూడా తెలియక బిక్కచచ్చిపోతాడు."

మరిది చెడ్డవాడు కాదు. అదే వచ్చిన చిక్కు. చెడ్డవాడైతే నాలుగు కడిగేసి ఊరుకోవచ్చు.

మర్నాడు పొద్దున్నే, ఆయన తల తేటగా ఉండే వేళ చూసుకుని, ముగ్గురూ బ్యాంకుకు వెళ్లారు. గంటన్నర నిలబడితే వంతొచ్చింది. అద్దం వెనక కుర్రాఫీసరు ఫారం తోశాడు.

"నింపి, కింద పాత సంతకం పెట్టండి."

"పాతది పెట్టగలిగితే కొత్తదెందుకు మార్చుకుంటాను బాబూ?"

"రూలమ్మా. పాత సంతకం సరిపోతేనే కొత్తది ఎక్కిస్తాం."

తల ప్రాణం తోకకొచ్చింది రంగులమ్మకు. ఇక దాచి లాభం లేదని ఉన్నదున్నట్టు చెప్పేసింది. కుర్రాఫీసరు మొహం పాలిపోయింది. "ఇన్నేళ్లూ ఆయన పెట్టారా? అది నేరమమ్మా!"

"నా డబ్బు నేను తీసుకుని నా కుండలోనే పోసుకున్నాను. ఎవరి నోరు కొట్టాం? ఆయన్నే అడుగు, ఒప్పుకుంటాడు."

ఆఫీసరు రంగులాయన వైపు తిరిగాడు. "అయ్యా, ఈవిడ సంతకం మీరు పెట్టేవారా?"

రంగులాయన నిటారుగా సర్దుకున్నాడు. "నేనెందుకు పెడతానయ్యా? అది మా ఆవిడ చేతిరాత. ముత్యాల్లా రాస్తుంది."

"ఏమండీ!"

"నువ్వూరుకోవే. ఎవరేమన్నా భయపడకు."

మరిచిపోయి అన్నాడా, భార్య పరువు కాచుకుందామని అన్నాడా, ఆ కళ్లలో చూస్తే రంగులమ్మకూ అంతుపట్టలేదు. కాచే మనిషే, ఎవరి ముందూ ఆవిణ్ణి తక్కువ కానివ్వలేదు ఏనాడూ. ఆ మంచితనమే ఇప్పుడు కొంప ముంచేలా ఉంది.

"నిజం చెప్పండి మహాప్రభో! మీరు చెప్పకపోతే మిమ్మల్ని నా దగ్గర ఉండనివ్వరు."

"ఎవరు ఉండనివ్వరు? నేనెక్కడికి పోతాను?" అన్నాడాయన. గొంతులో కొంచెం బెదురు.

మరిది ఆవిడ మోచెయ్యి పట్టుకున్నాడు. "వదినా, చాల్లే. అన్నయ్యను హైరానా పెట్టకు. నా పేరు రాయిద్దాం."

రంగులమ్మకు ఒళ్లు మండిపోయింది. చెయ్యి విదిలించుకుని, పెన్ను లాక్కుని, ఫారం మీద తన పేరు రాసింది. కాగితం చిరుగుతుందా అన్నంత నొక్కి, ఒక్కో అక్షరానికీ ఊపిరి బిగబట్టి రాసింది. "ఇదిగో! నా సంతకమంటే ఇదీ. వంకరో టింకరో, నాకు వచ్చింది ఇంతే!"

రంగులాయన ముందుకు వంగి చూశాడు. చూసి, తట్టుకోలేకపోయాడు.

"ఏమిటే ఇది? తలకట్టు గాల్లోకెళ్లిపోయింది. ఆ సున్నా చూడు, నొక్కేసిన డబ్బాలా ఉంది. ఇలా ఇయ్యవే."

పెన్ను ఆవిడ చేతిలోంచి లాక్కున్నాడు. ఆ వంకర అక్షరాల పక్కనే తిన్నగా, ఒక్క ఊపులో, చివరి మెలికతో సహా గీశాడు. గీసి, తల వెనక్కి వాల్చి చూసుకుని, "ఇలాగ రాయాలి. ఎన్నేళ్లు పెట్టాను, చూసైనా నేర్చుకోలేదు" అన్నాడు.

కుర్రాఫీసరు కంప్యూటరులోకి చూశాడు, కాగితం చూశాడు. తల గోక్కున్నాడు. మెలిక దగ్గర పెన్ను ఎత్తిన చోటు కూడా తేడా లేదు. లోపలికెళ్లి మేనేజరును పిలుచుకొచ్చాడు. ఆయనొచ్చి, రంగులాయన్ని నాలుగు ప్రశ్నలడిగి, ఇద్దరి చేతా జరిగింది రాయించుకుని, కింద మరిది చేత సాక్షి సంతకం పెట్టించుకున్నాడు. మరిది పెట్టాడు, ఎప్పుడూ పెట్టే సంతకమే. రంగులమ్మ వంకర సంతకం కొత్తదిగా కంప్యూటరుకెక్కింది.

నాలుగో రోజున లాయరమ్మ బల్ల మీద పత్రం పరిచారు. పదకొండు పేజీలు, అన్నిటి మీదా రంగులాయన తన సంతకం ముందే పెట్టేశాడు. ఆయన్ని ఎక్కడ ఉంచాలన్న సంగతి ఏడో పేజీలో ఉంది. రంగులమ్మ దాన్ని వేలు పెట్టి కూడబలుక్కుని రెండుసార్లు చదువుకుంది, లాయరమ్మ గడియారం చూసుకుంటున్నా లెక్కచెయ్యలేదు. తర్వాత సంతకం పెట్టింది.

పక్కనుంచి రంగులాయన, "అయ్యో, అయ్యో" అంటూనే ఉన్నాడు. ఎనిమిదో పేజీకి పెన్ను కోసం చెయ్యి చాపాడు.

రంగులమ్మ ఆ చేతిని ఎడం చేత్తో బల్లకేసి అదిమి పట్టుకుని, కుడిచేత్తో మిగిలిన పేజీలు పూర్తిచేసింది.