బక్కమ్మ పాతిన మూట

మా ప్రొఫెసర్ రాజేశ్వర్ రావు గారికి ముసలివాళ్ళ మతిమరుపు జబ్బంటే నవ్వులాట. "అది తెల్లవాళ్ళ రోగం తాహెరా! మనకు ఉమ్మడి కుటుంబాలున్నాయి. మన దగ్గర ఉండేది చాదస్తం. చాదస్తం మీద రిసెర్చ్ ఏమిటమ్మా?" అనేవారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది. మండినకొద్దీ ఇంకా ఎక్కువ ఊళ్ళు తిరిగేదాన్ని. 1984 వచ్చేసరికి స్టేషన్ ఘన్‌పూర్ చుట్టుపక్కల ముసలివాళ్ళంతా నాకు చుట్టాలైపోయారు.

వాళ్ళలో బక్కమ్మ ఒకరు. తన ఊరికి మంత్రసాని. సగం ఊరు ఆమె చేతుల్లోనే పుట్టింది. ఇప్పుడు సొంత కొడుకు ఉప్పలయ్యను చూసి "తమ్ముడా" అంటుంది. అన్నం తిని చెయ్యి కడుక్కుని, ఇంకా తినలేదని అలుగుతుంది. మెదడు కొంచెం కొంచెంగా ఎండిపోతుంటే ఇలాగే అవుతుందని ఉప్పలయ్యకు చెప్పాను. దీనికి మందు లేదని కూడా చెప్పాను. ఆ రెండో మాట చెప్పేటప్పుడు సిగ్గేసింది.

ఒకరోజు పొద్దున్నే ఉప్పలయ్య రొప్పుతూ మా ఆసుపత్రి వార్డులోకి వచ్చాడు.

"డాక్టరమ్మా, మా అవ్వ బాణామతి చేసిందని పట్టుకున్నరు. పండ్లు పీకుతరట! జర మీరు రావాలె."

చేతబడి చేసేవాళ్ళ పళ్ళు ఊడగొడితే ఇక మంత్రం పలకదని అక్కడివాళ్ళ నమ్మకం. బక్కమ్మ ఇళ్ళ ముందు తవ్వి గుడ్డమూటలు పాతిపెడుతోందట. రాజమల్లు అనే రైతు గడప ముందు కూడా ఒకటి దొరికింది. ఆ వారమే అతని పసిబిడ్డ జ్వరంతో చనిపోయాడు. ఊరికి ఇంకేం రుజువు కావాలి?

ప్రొఫెసర్ గారు నన్ను గుమ్మం దగ్గరే ఆపారు. "మన పని రోగం గురించి రాయడం. ఇలాంటివి పోలీసులు చూసుకుంటారు. నువ్వు వెళ్ళొద్దు."

"పోలీసులు వచ్చేసరికి ఆమె నోట్లో పళ్ళుండవు సార్. మీరు చాదస్తమన్నదాన్నే వాళ్ళు బాణామతి అంటున్నారు. పెద్ద తేడా ఏముంది?" అన్నాను. ఆయన మొహం ఎర్రబడింది. నేను ఉప్పలయ్యతో బస్సెక్కాను.

బక్కమ్మను బడి ముందు నేల మీద కూచోబెట్టారు. తవ్వుతుండగానే లాక్కొచ్చారేమో, చేతులకు ఇంకా మట్టి ఉంది. చుట్టూ ఊరంతా మూగింది. రాజమల్లు చేతిలో పట్టకారు ఉంది. నేను వెళ్ళి ఇద్దరి మధ్యా నిలబడ్డాను.

"తప్పుకో డాక్టరమ్మా," అన్నాడు.

"తప్పుకోను. ముందు నా పండ్లు పీకు, తర్వాత ఆమెయి పీకుదువు. ఆమెకు మెదడు జబ్బు."

"జబ్బయితే మందియ్యి."

"దీనికి మందు లేదు."

"మందు లేని రోగమేంది? గట్లయితే బాణామతే!" అని గుంపులోంచి ఎవరో అరిచారు. అందరూ అవునన్నారు. నేను చదివిన లావుపాటి పుస్తకాలు అక్కడ పనికిరావు. కోపం మాత్రం కావలసినంత ఉంది.

రాజమల్లు గడప ముందు దొరికిన మూటను పారతో ఎత్తి తెచ్చి అక్కడ పడేశారు. ఎవరూ చేత్తో ముట్టుకోలేదు. నేను తీసి విప్పాను. జనం వెనక్కి జరిగారు. లోపల ఒక మట్టిముద్ద, దాని మీద ఇంత పసుపు. బక్కమ్మ ముందు కూచుని, ఇంతమందిలో ఒక్కరూ అడగని మాట అడిగాను.

"అవ్వా, గిదేంది?"

ఇది కూడా తెలియదా అన్నట్టు చూసింది. "మావి బిడ్డా. లోతుగ పాతాలె. కుక్కలు పీకితే పోరడు బతకడు. పోరడు బతకాలె గద."

గుంపులో ఆడవాళ్ళు ఉలిక్కిపడ్డారు. కాన్పు కాగానే బిడ్డ వెంట వచ్చే మావిని గుడ్డలో చుట్టి, పసుపు వేసి, ఆ ఇంటి ముందే పాతడం మంత్రసాని పని. బక్కమ్మకు కొడుకు పేరు పోయింది కానీ చేతులకు పని పోలేదు. ఎవరింట్లో పసివాడి ఏడుపు వినబడితే ఆ ఇంట్లో ఇప్పుడే కాన్పయిందనుకుంది. మావి దొరక్క మట్టిని చుట్టింది. ఈ సంగతి ఊరంతా వినేలా గట్టిగా చెప్పాను.

"మరి నా కొడుకు బతకలేదు గద!" అన్నాడు రాజమల్లు.

"బతకలేదు. జ్వరం తీస్కపోయింది. ఈమె బతకాలనే పాతింది. అయినా పీకుతనంటవా, పీకు. రేపటికి ఈమెకు యాదికుండదు. నీకుంటది రాజమల్లూ. సచ్చేదాంక ఉంటది."

లేచి మళ్ళీ ఇద్దరి మధ్యా నిలబడ్డాను. నా వెనక నుంచి బక్కమ్మ మట్టి చేతులు రెండూ రాజమల్లు వైపు చాపింది.

"నీళ్ళు పొయ్యి బిడ్డా," అంది.

పని అయ్యాక మంత్రసాని చేతులకు నీళ్ళు పోయవలసింది ఆ ఇంటివాళ్ళే. రాజమల్లు కదలలేదు. అతని తల్లి మొగిలమ్మ బడి కుండలోంచి చెంబుతో నీళ్ళు ముంచుకొచ్చి కొడుకు ముందు పట్టింది.

"నిన్ను గన్ననాడు మీ నాయిన పోసిండు. ఇయ్యాల నువ్వు పొయ్యి."

పట్టకారు కింద పడింది. రాజమల్లు చెంబు అందుకుని, ఏడుస్తూనే నీళ్ళు పోశాడు. బక్కమ్మ తొందరేమీ లేకుండా వేళ్ళ సందులు కూడా కడుక్కుంది. కొంగుతో తుడుచుకుని అతని మొహంలోకి చూసింది.

"పోరడు మంచిగున్నడా?"

ఊరంతా అతని వైపే చూసింది.

"మంచిగున్నడవ్వా," అన్నాడు రాజమల్లు.