టీ రాని మీటింగు

ఆటోనగర్‌లోని ఆ వెల్డింగ్ షెడ్డులో మీటింగంటే ఒకప్పుడు పెద్ద తంతు. ముందు ఎండల మాట, తర్వాత గాజువాక ట్రాఫిక్ మాట. టీ గ్లాసులు చేతికొచ్చాకే అసలు సంగతి. "ఈ సోదేటండీ, గంటలకి గంటలు! బేగి తేల్చీరాదా?" అని యజమాని చెవిలో పోరు పెట్టినవాడు ఎవరో కాదు, మన సూపర్‌వైజర్ అర్జునరావే. అడిగినంతా అయింది ఖర్మ! కొత్త మేనేజరు కార్తీక్ వస్తూనే కుర్చీలు తీయించేశాడు.

నిలబడి మాట్లాడుకునే మొదటి మీటింగు ఇవాళే. ఆర్డర్లు తగ్గాయి, నలుగుర్ని తీసేయాలి. ఆ నలుగురిలో అర్జునరావు బావమరిది సింహాద్రి ఒకడు. నాగాలు ఎక్కువట! ఎందుకు కావు? ఈ షెడ్డులోనే కుడిచెయ్యి కాల్చుకుని నెల్లాళ్లు మంచాన పడ్డాడు. కార్తీక్‌కు ఆ ముక్క తెలీదు. చెప్పాల్సింది అర్జునరావే.

"మా తమ్ముడి సంగతి సెప్పకండా ఇంటికి రాకు" అని గురువమ్మ పొద్దున్నే భర్తకు మరీ మరీ చెప్పి పంపింది.

చెబుదామనే వచ్చాడు. కానీ సొంత మనిషి మాట టీ రాకముందే ఎత్తడమెలా? ఇన్నేళ్ల అలవాటు. గుమ్మం వైపే చూస్తూ నిలబడ్డాడు.

"ఎవరికైనా అభ్యంతరమా?" అన్నాడు కార్తీక్.

అర్జునరావు గొంతు సవరించుకున్నాడు. మళ్లీ గుమ్మం వైపు చూశాడు.

"సరే, అయితే ఖాయం." కార్తీక్ ఫోనులో యజమానికి పేర్లు పంపేశాడు.

"సార్, టీ..."

"మీటింగుల్లో టీ ఆపేశాం కదండీ. తొందరగా తేల్చమన్నది మీరేనట!"

"అది కాదు సార్, మా సింహాద్రిది..."

"లిస్టు వెళ్లిపోయిందండీ. అయిపోయినవి మళ్లీ తవ్వుకుంటే పాత పద్ధతే అవుతుంది." కసురుకోలేదు, నవ్వుతూనే అన్నాడు. దానికే అర్జునరావుకు ఏడుపొచ్చింది. ఛీ, తన నోరు పడిపోను!

బయటికొస్తే ఎదురుగా సింహాద్రి. కాలిన చెయ్యి ఇంకా ముడుచుకునే ఉంది. ఎడమచేత్తో టీ ఫ్లాస్కు పట్టుకుని గబగబా వస్తున్నాడు.

"అప్పుడే అయిపోనాదేటి బావా? టీ అందరికీ నానే తెత్తన్నాను, నువ్వు నా మాట ఎత్తుతావని." ఓ గ్లాసులో పోసి అందించాడు. "ఏటన్నారు?"

అర్జునరావు గ్లాసు అందుకున్నాడు.

"టీ తాగనీరా," అన్నాడు. "తాగేక సెప్తాను."