గేటు లోపలి వయసు

ఆసుపత్రి దుప్పట్లు ఒక్కరే మడవలేరు. ఇద్దరు చెరో కొస పట్టుకుని, ఒక్క విదిలింపు విదిలించి, ఎదురెదురుగా నడిచొచ్చి చేతులు కలపాలి. లాండ్రీలో ఆవిడ చేతిలో పడ్డ దుప్పటి ఇస్త్రీ అక్కర్లేనంత ఒద్దికగా మడత పడేది. అందుకని తోటివాళ్ళు మడతక్క అన్నారు. ఆ పేరే ఖాయమైపోయింది. మొగుడు కూడా సరదాగా ఉన్నప్పుడు అలాగే పిలిచేవాడు. ఈ మధ్య ఆయన సరదాగా ఉండడం లేదు.

ఆ రోజు మధ్యాహ్నం ఆవిరి మిషన్ల మోతలో తలెత్తి చూస్తే గుమ్మంలో బడి పెద్ద టీచరు నిలబడి ఉంది. మడతక్క చేతిలో కొస జారిపోయింది.

"మీ అమ్మాయి బడికొచ్చి చాలా రోజులైందమ్మా. ఒంట్లో బాగాలేదా?"

పొద్దున మడతక్క పనికి బయల్దేరేటప్పుడు కూతురు గువ్వ జడ వేసుకుని సంచి సర్దుకుంటూ కనిపిస్తుంది. సాయంత్రం తను వచ్చేసరికి ఒళ్ళో పుస్తకం ఉంటుంది. మధ్యలో ఏం జరుగుతుందో అడగాలని ఎప్పుడూ తోచలేదు.

"ఎల్లుండి సాయంత్రం తల్లిదండ్రుల సంఘం మీటింగుంది," అంది పెద్ద టీచరు. "బడి మానేసిన పిల్లల సంగతి అక్కడ తేలుస్తారు. అమ్మో నాన్నో వచ్చి మాట్లాడకపోతే పేరు కొట్టేస్తారు. ఆ రూలు సంఘం పెట్టింది, నేను కాదు. మీకు కష్టమేనని తెలుసు. అయినా రండి."

కష్టమే మరి. ఆ బడి గేటు సంగతి ఎరగనివాళ్ళు లేరు. చదువు ఏ వయసులో ఆపేస్తే, గేటు దాటగానే మనిషి ఆ వయసుకి వచ్చేస్తాడు. బయటికొస్తే మళ్ళీ మామూలే. తలలో ఆలోచన పెద్దదే ఉంటుంది గానీ గొంతు, బెదురు, ఏడుపు మాత్రం ఆనాటివే. అందుకే గేటు దగ్గర వాచ్‌మన్ ఒక డబ్బా నిండా పిన్నీసులు పెట్టుకుని కూర్చుంటాడు, వదులైపోయిన బట్టలు బిగించడానికి. పెద్ద చదువులు చదివినవాళ్ళకి ఈ గేటంటే ముద్దు. సంఘం అధ్యక్షుడు పళ్ళ డాక్టరు. బయట నున్నటి బట్టతల, లోపల ఒత్తైన క్రాపు. మీటింగులో మాటకోసారి జుట్టు వెనక్కి తోసుకుంటాడు. మీటింగులు అంతంత సేపు సాగేది అందుకేనని వాచ్‌మన్ కిసుక్కున నవ్వుతాడు. పెద్ద టీచరు మటుకు ఇప్పటికీ ఏదో ఒక పరీక్షకి చదువుతూనే ఉంటుంది. ఆవిడకి లోపలా బయటా ఒకటే వయసు.

మడతక్క పదేళ్ళకి మానేసింది. గువ్వని చేర్పించిన రోజు ఒక్కసారే లోపలికి వెళ్ళింది. ఐదేళ్ళ గువ్వ అప్పుడు అమ్మ అక్కలా కనిపించేసరికి భలే సంబరపడింది. ఉయ్యాల కోసం తల్లీకూతుళ్ళు పోట్లాడుకున్నారు కూడా. ఇప్పుడు గువ్వకి పదమూడు. మొగుడైతే ఆరేళ్ళప్పుడే, ఒకటో తరగతి సగంలోనే ఇటుకల పనికి పోయినవాడు. ఆ గేటు ఛాయలకి కూడా వెళ్ళలేదు. "నా కూతురి ముందు నిక్కరు జారిపోతూ నిలబడనా?" అనేవాడు.

ఆ మొగుడు ఇప్పుడు మంచం మీదున్నాడు. లారీ పైన టార్పాలిన్ కడుతూ జారి, నడుము మీద పడ్డాడు. మెల్లగా తిరుగుతాడన్నారు. కర్ర పట్టుకుని లేస్తున్నాడు కదా అని మడతక్క కాస్త ఊపిరి పీల్చుకుని పనికి వెళ్తోంది.

ఇంటికొచ్చి చెప్పులు విప్పకుండానే అడిగింది. "ఎక్కడికి పోతున్నావే రోజూ?"

గువ్వ తలెత్తలేదు. "ఎక్కడికీ లేదు. ఇంట్లోనే ఉంటున్నా. నాకు చదువెక్కట్లేదమ్మా. నీతో లాండ్రీకి వచ్చేస్తా."

"చెంప పగులుద్ది."

"ఇష్టం లేనిదాన్ని ఎందుకే పీక్కుతింటావు?" మంచం మీంచి మొగుడు గోడవైపు తిరిగే అన్నాడు. "నేను చదివానా? బండి తోలలేదా?"

"తోలావు. బోర్డు మీద ఊరి పేరు చదవడానికి ఎన్నిసార్లు బండాపి దిగి అడిగావో అది కూడా చెప్పు దానికి."

గోడవైపు ఉన్న మొహం గోడవైపే ఉంది. గువ్వ వెళ్ళి తండ్రి దుప్పటి సర్దింది. ఇద్దరూ ఒకటై తనని బయట నిలబెట్టినట్టు అనిపించి మడతక్కకి అన్నం సయించలేదు.

మీటింగు రోజు లాండ్రీ నీలం కోటుతోనే వెళ్ళింది. గువ్వని రెక్క పట్టుకుని లాక్కెళ్ళింది. గేటు దాటగానే ఎవరు ఎవర్ని పట్టుకున్నారో తారుమారైంది. కోటు మడమల దాకా జారింది, చేతులు మాయమయ్యాయి. బరువు దుప్పట్లెత్తి ఏళ్ళ తరబడి సలుపుతున్న కుడి భుజం ఒక్కసారిగా తేలికైపోయింది. చెంపలు మాత్రం తడిగా ఉన్నాయి. గువ్వ వంగి కోటు అంచు పైకి మడిచి పిన్నీసులు గుచ్చింది.

హాల్లో అందరూ నవయవ్వనంలో, కాలు మీద కాలేసుకుని కూర్చున్నారు. కూలి పనులవాళ్ళు, బళ్ళు తోలేవాళ్ళు ఒక్కరూ రాలేదు. డాక్టరు జుట్టు తోసుకుని, బల్ల అవతల కనిపించీ కనిపించని తల వైపు చూశాడు.

"పాపా, మీ ఇంట్లో పెద్దవాళ్ళు ఎవరైనా వచ్చారా?"

ఎవరో కిసుక్కుమన్నారు.

"పెద్దావిడ ఈవిడే," అంది గువ్వ. "మా అమ్మ."

మడతక్క దారి పొడుగునా మాటలు కూడబలుక్కుని వచ్చింది. ఒక్కటీ పెదవి దాటలేదు. ఎక్కిళ్ళు మొదలయ్యాయి. పదేళ్ళ ఏడుపు ఒకసారి మొదలైతే పెద్ద బుర్ర చెప్పినా ఆగదు. డాక్టరు చెడ్డవాడు కాదు, ఇబ్బందిగా గడియారం చూసుకున్నాడు. "కాసేపు బయట కూర్చోండి. మేం మాట్లాడుకుని చెప్తాం," అన్నాడు.

వరండాలో బెంచీ మీద కూర్చుంటే కాళ్ళు నేలకి అందలేదు. గువ్వ తన చున్నీతో ఆ చెంపలు తుడిచింది. తుడిచినంతసేపు పట్టలేదు, మళ్ళీ తడి.

"వాళ్ళన్న మాటలకి ఏడవకమ్మా."

"వాళ్ళ వల్ల కాదే. ఇవి ఆనాటివి. గేటు దాటితే ఇవీ వచ్చేస్తాయి. నేను మానేసిన రోజువి."

గువ్వ ఎప్పుడూ అడగని ప్రశ్న అప్పుడు అడిగింది. "ఏమైంది ఆ రోజు?"

"తెలుగు పాఠం. నిలబడి గట్టిగా చదువుతున్నా. గుమ్మంలోకి మీ అమ్మమ్మ వచ్చింది. ఇంట్లో చంటిదాన్ని చూసుకునేవాళ్ళు లేరు, పంపించండి అంది. నేను వాక్యం మధ్యలో ఆగిపోయా. టీచరు నా వెనక పిల్లని లేపింది. ఆ పిల్ల నేనాపిన మాట దగ్గర్నుంచి అందుకుంది. నేను సంచి సర్దుకునేలోపు పాఠం ముందుకెళ్ళిపోయింది." మడతక్క ముక్కు ఎగబీల్చింది. "మా అమ్మని నేను తప్పు పట్టను. కానీ అంతమందిలో ఒక్కరంటే ఒక్కరు ఎందుకని అడగలేదే."

గువ్వ చెప్పింది, నేల చూస్తూ.

"నాన్న లేవలేడమ్మా."

"కర్ర పట్టుకుని లేస్తున్నాడుగా."

"నువ్వొచ్చే టైముకి నేనే లేపి కూర్చోబెట్టి కర్ర పక్కన పెడతాను. పగలంతా నేనే పక్కకి తిప్పాలి. ఒకరోజు బడికెళ్ళి వచ్చేసరికి కింద పడి ఉన్నాడు. ఎంతసేపట్నుంచో ఏమో. నీకు చెప్తే పని మానేస్తావని చెప్పొద్దన్నాడు."

ఒకే ఇంట్లో ఉండి, ఒకే గది దీపం కింద ఉండి, మడతక్కకి తెలియలేదు. తన తల్లి గుమ్మంలో నిలబడ్డట్టే తనూ నిలబడింది, కాకపోతే గుమ్మంలోకి రాకుండానే పిల్లని లేపేసింది.

అప్పుడే తన భుజం గుర్తొచ్చింది. చెయ్యి పైకెత్తి చూసుకుంది. నొప్పి లేదు. గేటు బయటే ఆగిపోయింది. నడుము విరగ్గొట్టుకున్నది నలభై ఏళ్ళవాడు కదా, ఆరేళ్ళవాడు కాదు కదా.

బెంచీ మీంచి దూకి, కోటు కాళ్ళకడ్డం పడుతున్నా లెక్కచెయ్యకుండా తలుపు తోసుకుని లోపలికెళ్ళింది.

"ఎందుకు రావట్లేదో దాన్ని అడిగారా?" సన్నటి గొంతు హాలంతా వినపడింది. "ముందు అడగండి. తర్వాత కొట్టెయ్యండి."

ఎవరూ జుట్టు సర్దుకోలేదు. పెద్ద టీచరే అడిగింది. గువ్వ చెప్పింది. మడతక్క, ఎక్కిళ్ళ మధ్యే, మిగతాది చెప్పింది. మొగుణ్ణి రోజూ బడికి తెస్తాను, చేర్చుకోండి అంది.

"పాపం అనిపిస్తుంది గానీ, బడి ఆసుపత్రి కాదు కదమ్మా," అన్నాడు డాక్టరు. "రేపు అందరూ ఇలాగే తెస్తే?"

"తేనివ్వండి," అంది పెద్ద టీచరు. "ఆరేళ్ళ పిల్లాడు గేటు దాటొస్తే ఒకటో తరగతిలో కూర్చోబెట్టొద్దనే రూలు నాకు తెలిసి లేదు. మీరు పెడతానంటే పెట్టండి, వీళ్ళ ఎదురుగా నిలబడి పెట్టండి."

అలాంటి రూలు పెడతామని ఎవరూ అనలేదు. మర్నాడు డాక్టరు క్లినిక్కు నుంచి పాత చక్రాల కుర్చీ ఒకటి వచ్చింది.

మొగుడు ఒప్పుకోవడానికి వారం పట్టింది. కేకలేశాడు, అన్నం ముట్టలేదు. "నువ్వు రాకపోతే నేనూ వెళ్ళను," అని గువ్వ మంచం పక్కనే బాసింపట్టు వేసుకుని కూర్చుంటే, చివరికి "తోలండి, ఎక్కడికి తోలుతారో," అన్నాడు.

కుర్చీ ముందు చక్రాలు గేటు దాటాయి. తర్వాత వెనక చక్రాలు. కుర్చీలో చొక్కా ఒక్కటే ఉన్నట్టు కనిపించింది. కాలర్లోంచి చిన్న తల, బిక్కమొహం, పెద్ద చెవులు. చాలాసేపు తన పాదాలకేసి చూసుకున్నాడు. బొటనవేలు కదిలింది. కిందికి దిగాడు. గోడ దాకా పరిగెత్తాడు, మళ్ళీ వెనక్కి, మళ్ళీ గోడ దాకా. పడ్డాడు, లేచాడు. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో తెలియలేదు. వాచ్‌మన్ డబ్బా పట్టుకుని వెంటపడ్డాడు. "ఆగు బాబూ, పిన్నీసు గుచ్చనీ!"

అంతా బాగుపడిపోయిందని చెప్పడానికి లేదు. సాయంత్రం గేటు దాటగానే నడుము నొప్పి, కదలని కాళ్ళు, ఎక్కడ వదిలాడో అక్కడే ఎదురుచూసేవి. రోజుకోసారి మళ్ళీ కొత్తగా పడ్డట్టే ఉండేది ఆయనకి. ఇంట్లో ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. ఒకరోజు గంట కొట్టాక బయటికి రాలేదు. గువ్వ పిలిచీ పిలిచీ విసిగి, గేటు బయట నిలబడ్డ తల్లిని పిలిచింది.

మెట్ల కింద మూల ముడుచుక్కూర్చున్నాడు. మడతక్క పక్కన చతికిలబడింది. ఇద్దరు పిల్లలు, వదులు బట్టల్లో.

"నేను రాను," అన్నాడు. "ఇక్కడే ఉండిపోతా. బయట నొప్పి."

"తెలుసు."

"నీకేం తెలుసు?"

ఆవిడ తన చెంప చూపించింది. వాడు వేలితో ముట్టుకుని, తడి చూసుకున్నాడు.

"బయట నాకు మొగుడు కావాలి," అంది మడతక్క. "ఇక్కడ నాకంటే చిన్నోడివి. దేనికీ పనికిరావు."

కాసేపటికి చెయ్యి చాపాడు, లేపమని. గేటు దాటి కుర్చీలో కూర్చోగానే పళ్ళు బిగపట్టాడు. ఆ చెయ్యి మాత్రం వదల్లేదు.

గువ్వ ఆ ఏడు పరీక్ష తప్పకుండా గట్టెక్కింది. మంచి మార్కులేం కాదు, చాలా పాఠాలు పోయాయి. సంఘం మీటింగులకి ఇంకా కొందరు వదులు బట్టలవాళ్ళు రావడం మొదలుపెట్టారు. వాళ్ళ కోసం పొట్టి కుర్చీలు వేయించాల్సి వచ్చింది. పేరు కొట్టేసే రూలు పోలేదు. కొట్టే ముందు ఇంటికెళ్ళి అడగాలని దానికింకో ముక్క కలిపారు.

సెలవులకి ముందు సాయంత్రం మడతక్క గేటు బయట నిలబడి ఉండగా, లోపల పళ్ళ డాక్టరు గొంతుక్కూర్చుని ఒక పిల్లాడి నోట్లోకి తొంగిచూస్తున్నాడు. జుట్టు కళ్ళ మీద పడుతున్నా తోసుకోవడం లేదు.

"ఇదిగోనమ్మా," అని అక్కణ్ణుంచే కేకేశాడు. "మీవాడికి ముందు పన్ను ఊడింది. కింద కొత్తది తోసుకొస్తోంది. మళ్ళీ చదువుతున్నాడుగా, ఏడో ఏడు వచ్చేసింది వీడికి!"

గువ్వ కుర్చీ తోసుకుంటూ బయటికి వచ్చింది. చక్రాలు దాటాయి. కుర్చీలో తండ్రి మొహం వివర్ణమైంది, భుజాలు వెడల్పయ్యాయి, చొక్కా నిండింది. నొప్పికి కళ్ళు మూసుకుని, కాస్త తేరుకున్నాక గుప్పెట విప్పాడు. బియ్యపు గింజ కంటే కాస్త పెద్దదైన పాలపన్ను.

"జాగ్రత్తగా పెట్టు," అన్నాడు పెళ్ళాంతో. తర్వాత కూతురితో, కాస్త గదమాయించినట్టే, "సెలవులయ్యాక మూడో ఎక్కం అప్పజెప్పాలంట. దారిలో అడుగుతూ ఉండు."

"మూడొకట్ల?"

"మూడు."

"మూడు రెళ్ళ?"

"ఆరు. మూడు మూళ్ళ తొమ్మిది, అది నాకొచ్చు."

"మూడు నాలుగుల?"

ఆయన ఆగిపోయాడు. గువ్వ కుర్చీ ఆపింది. సందు మొదట్లో, వచ్చేపోయే జనం మధ్య, ముగ్గురూ నిలబడ్డారు. మడతక్కకి జవాబు నాలిక చివరే ఉంది. చెప్పకుండా ఊరుకుంది.