గోపురం కాడ చేతులు

స్టెల్లాక్క చెన్నై ట్రాకు మీద చానా ఏండ్లు కార్ల రేసులు తోలిన మనిషి. పందెంలో కారు బోల్తాపడి భుజం విరిగినాక ఆమె కారును టీమోళ్ళు ఇంకొకరికి ఇచ్చేసినారు. అప్పుడు చంద్రగిరికి తిరిగొచ్చి ఆడోళ్ళకు డ్రైవింగు నేర్పేది మొదలుపెట్టింది. రేసు తోలినామె బండిని ఎద్దులబండి దాటిపోతాందని బస్టాండు కాడ ఆటోవాళ్ళు నవ్వుతారు. ఆమె పక్కకు జరిగి వాళ్ళకే దారిస్తుంది.

నేను ఆమె దగ్గర చేరింది మా మోక్షిత కోసం. బిడ్డకు ఆయాసం. ఒకనాడు మధ్యాన్నం ఊపిరి ఎగబట్టినప్పుడు మా ఆయన డ్యూటీలో ఉన్నాడు. కారు వాకిట్లో ఉండాది, తాళంచెవి మేకుకు ఉండాది. ఆటో వచ్చేదాకా బిడ్డ పెదాలు నల్లబడతా ఉంటే చూస్తా నిలబడినాను. తొమ్మిదో తరగతిలోనే బడి మానేసినదాన్ని, ఇది నాకు వస్తాదా అని భయం. రాకపోతే బిడ్డ గతేమని అంతకన్నా భయం.

మొదట్లో అక్క బండి స్టార్టే చెయ్యనీలేదు. సీట్లో కూర్చోబెట్టి యాడ చూడాల్నో నేర్పింది. గుంతను చూస్తే బండి గుంతలోకే పోతాదంట, పోవాల్సిన చోటునే చూడాలంట. రేసులో ఆమె మొదట నేర్చుకునింది అదేనంట.

మంగాపురం తట్టు తోలిన మొదటిరోజు దూరంగా గుడి గోపురం కనపడింది. చిన్నప్పటి అలవాటు, రెండు చేతులూ ఎత్తి మొక్కేసినాను. బండి పక్కకు లాగేసింది. ఎదురుగా మామిడికాయల ట్రాక్టరు. అక్క తన వైపున్న బ్రేకు తొక్కింది. తిట్టలేదు.

"నేనూ ప్రార్థన చేసుకునేదాన్నే, హెల్మెట్ పెట్టుకోకముందు. బండి కదిలినాక దేవునికి నా చేతులతో పనిలేదు మ్మే. స్టీరింగుకే పని."

తాను చెప్పేదాకా బిడ్డను ఎక్కించుకోవద్దనింది. లైసెన్సు వచ్చింది గానీ అక్క మాట మాత్రం రాలేదు.

పోయిన వారం మధ్యాన్నం, మా ఆయన డ్యూటీలో ఉన్నప్పుడే, బిడ్డకు మళ్ళీ ఆయాసం ఎత్తుకునింది. అక్కకు ఫోన్ చేస్తే చిత్తూరులో ఉన్నానని చెప్పింది.

"నువ్వే పో. బిడ్డ మొకం చూడొద్దు, దారి చూడు."

మా అత్త వరదమ్మ బిడ్డను ఒళ్ళో పెట్టుకుని వెనక కూర్చునింది. ఆ గురగుర శబ్దం నా వీపుకే తగుల్తా ఉండాది. అద్దంలో బిడ్డను చూడాలని కండ్లు గుంజుతాండాయి. దారినే చూసినాను. మంగాపురం దాటతా ఉంటే గోపురం వచ్చింది.

"మొక్కుకో మ్మే, బిడ్డ కోసరం" అనింది అత్త.

నా వేళ్ళు లేవబోయినాయి. స్టీరింగును గట్టిగా పట్టుకున్నాను.

"నువ్వు మొక్కు అత్తా. నా పేరు గూడా చెప్పు."

తిరుపతి పిల్లల ఆస్పత్రిలో మూతికి మాస్కు పెట్టినాక బిడ్డ నిదానంగా ఊపిరి తీసుకునింది. అక్క ఫోన్ చేసి ముందు బిడ్డ సంగతి అడిగింది. ఆ తర్వాత, "గోపురం కాడ?" అనింది. స్టీరింగు మీద నుంచి చేతులు తియ్యలేదని చెప్పినాను.

"అయితే రేపట్నుంచి నువ్వు నా దగ్గరికి రావాల్సిన పనిలేదులే."

ఇంటికి తిరిగొచ్చేటప్పుడు మంగాపురం కాడ బండిని పక్కకు ఆపి, హ్యాండ్ బ్రేకు లాగి, ఇంజను ఆపినాను. అప్పుడు రెండు చేతులూ ఎత్తినాను.